సోషల్ మీడియా, టీనేజ్ పిల్లలు, ఆత్మహత్య ఆలోచనలు: పెద్దలు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

మీ పిల్లల విషయంలో ఇప్పుడే, ఈ గంటలోనే మీకు భయంగా ఉంటే ఈ వ్యాసం తర్వాత చదవొచ్చు. ముందు లేచి ఆ పిల్ల దగ్గరికో, పిల్లాడి దగ్గరికో వెళ్లండి. ఒంటరిగా వదలకండి. లోపలి నుంచి గడియ పెట్టుకోనివ్వకండి. ఇప్పటికే ఏదైనా మింగారనో, గాయం చేసుకున్నారనో అనుమానం వస్తే వెంటనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. భారతదేశంలో 112, అమెరికాలో 911. ప్రాణం మీదికి రాలేదు గానీ ఏం చేయాలో తోచడం లేదంటే, భారతదేశంలో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో అలాంటి నంబరు 988. ఇంకే దేశంలో ఉన్నా అక్కడి నంబరేదో ఈరోజే తెలుసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. అవసరం వచ్చినప్పుడు వెతికే ఓపిక ఉండదు.

అంత తొందర లేనివాళ్లు నిదానంగా చదవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 7,20,000 మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. 15 నుంచి 29 ఏళ్ల వాళ్ల మరణాలకు ఉన్న కారణాల్లో ఇది మూడో స్థానంలో ఉంది. ఏ ఆత్మహత్యకూ ఒక్కటే కారణం ఉండదు. డిప్రెషన్, ఇంట్లో గొడవలు, చదువుల ఒత్తిడి, నలుగురిలో అవమానం, ఎప్పుడో జరిగి ఎవరికీ చెప్పుకోలేకపోయిన దారుణం, ఇలాంటివి ఒకదానిమీద ఒకటి పడతాయి. సోషల్ మీడియా వాటి సరసన చేరుతుంది. ఒక్కోసారి ఆ బాధలన్నిటినీ అర్ధరాత్రి కూడా మర్చిపోనివ్వకుండా చేస్తుంది. అందుకని "ఫోన్ వల్లే పిల్లలు పాడైపోతున్నారు" అని తేల్చేయడం, "ఈ రోజుల్లో పిల్లలందరూ అంతే" అని వదిలేయడం, రెండూ పిల్లలకు కీడే చేస్తాయి.

1. గంటల లెక్క దగ్గరే ఆగిపోకండి

పెద్దలు మొట్టమొదట అడిగేది "రోజుకు ఎన్ని గంటలు చూడనివ్వాలి?" అని. ఈ ప్రశ్నకు ఆధారం లేకపోలేదు. 2023 మే నెలలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యుడు) వివేక్ మూర్తి ఇచ్చిన హెచ్చరిక పత్రంలో, రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియాలో ఉండే పిల్లల్లో డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యల ముప్పు రెట్టింపు ఉంటుందని రాశారు. మరోపక్క 2019లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే పరిశోధకులు లక్షలాది టీనేజర్ల వివరాలు పరిశీలించి, పిల్లల మానసిక సంక్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకం వల్ల అని చెప్పగలిగేది మహా అయితే 0.4 శాతమేనన్నారు. చదివినవాళ్లకు ఎవరిని నమ్మాలో తెలియక తల తిరుగుతుంది.

నాకు దారి చూపించింది 2025 జూన్‌లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. అమెరికాలో సుమారు 4,300 మంది పిల్లలను కొన్నేళ్లపాటు గమనించారు. మొదట్లో రోజుకు ఎంతసేపు స్క్రీన్ చూస్తున్నారన్నదానికీ, తర్వాత వచ్చిన ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం కనపడలేదు. కానీ వాడకం వ్యసనంలా మారి, ఏటేటా పెరుగుతూ పోయిన పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాల ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. సోషల్ మీడియా విషయంలో అలా పెరుగుతూ పోయినవాళ్లు దాదాపు మూడో వంతు. వ్యసనమే కారణమని ఇది తేల్చదు, బాధలో ఉన్న పిల్లలే ఫోన్‌ను గట్టిగా పట్టుకుని ఉండొచ్చు. ఎటు నుంచి ఎటైనా, అలాంటి వాడకం కనపడిందంటే ఆ పిల్లల్ని దగ్గరగా చూసుకోవాలని అర్థం.

కాబట్టి ఒక వారం రోజులు ఏ రూలూ పెట్టకుండా, ఏమీ అనకుండా గమనించండి. ఫోన్ పక్కన పెడదామనుకుని కూడా పెట్టలేకపోతున్నారా? ఛార్జింగ్ అయిపోయినా, నెట్ రాకపోయినా చిరాకు, టెన్షన్, ఏడుపు దాకా వెళ్తోందా? బాధ కలిగిన ప్రతిసారీ దాన్ని మర్చిపోవడానికి ఫోన్‌లోకే వెళ్తున్నారా? ఇదివరకు ఇష్టంగా చేసే పనులు, ఆటలు, స్నేహాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయా? రోజుకు 4 గంటలు ఎడిటింగ్ నేర్చుకుంటూ, స్నేహితులతో నవ్వుకుంటూ గడిపే అమ్మాయి క్షేమంగా ఉండొచ్చు. రాత్రి ఒక్క గంట మాత్రమే చూసి, ఆ గంటా ఏడుస్తూ చూసే అబ్బాయి ప్రమాదంలో ఉండొచ్చు.

2. ఫీడ్ ఏం చూపిస్తోందో పక్కన కూర్చుని చూడండి

బ్రిటన్‌లో మాలీ రసెల్ అనే 14 ఏళ్ల అమ్మాయి 2017 నవంబరులో చనిపోయింది. చనిపోవడానికి ముందు 6 నెలల్లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో సేవ్ చేసినవి, లైక్ చేసినవి, షేర్ చేసినవి కలిపి 16,300 పోస్టులు. వాటిలో సుమారు 2,100 పోస్టులు ఆత్మహత్య, స్వీయ గాయాలు, డిప్రెషన్‌కు సంబంధించినవే. 2022 సెప్టెంబరులో విచారణ ముగించిన కరోనర్ (మరణ కారణాన్ని తేల్చే అధికారి), డిప్రెషన్‌తో పాటు ఆన్‌లైన్‌లో చూసినవాటి చెడు ప్రభావం కూడా ఆమె మరణానికి దోహదం చేసిందని తేల్చారు. ఆమె చూసినవాటిలో కొన్ని ఆమె వెతుక్కుని వెళ్లినవి కావు, అవే ఆమె ముందుకు వచ్చాయి.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే పిల్లల మీద కోపం సగం తగ్గుతుంది. తర్వాత ఏం చూపించాలో ఎంచే ప్రోగ్రాంకు, అంటే రికమెండేషన్ అల్గారిథమ్‌కు, లైక్ కొట్టడమే అవసరం లేదు. ఒక వీడియో దగ్గర వేలు ఎంతసేపు ఆగింది, దాన్ని మళ్లీ చూశారా, కామెంట్లు తెరిచారా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పరీక్ష పోయిన రాత్రి ఒక ఏడుపు రీల్ దగ్గర ఆగితే తర్వాత అలాంటివి నాలుగు వస్తాయి. ఆ నాలుగింట్లో మరీ చీకటిగా ఉన్నదాని దగ్గర ఇంకాస్త ఆగుతారు. మర్నాటికి ఫీడ్ అంతా అదే. చూస్తున్న పిల్లకు మాత్రం లోకమంతా తనలాగే ఆశ వదిలేసుకుందని అనిపిస్తుంది.

చేయాల్సిన పని చిన్నదే, చేసే తీరులోనే ఉంది కష్టమంతా. ఫోన్ లాక్కుని చూడొద్దు. నిద్రపోతున్నప్పుడు దొంగతనంగా తెరవొద్దు. ఖాళీగా ఉన్న సాయంత్రం పక్కన కూర్చుని "నీ ఫీడ్‌లో ఏం వస్తాయో నాకూ చూపించవూ? నాది కూడా చూపిస్తా" అని అడగండి. మీది నిజంగానే చూపించండి. ఒక పది నిమిషాలు కలిసి స్క్రోల్ చేయండి. నవ్వొచ్చినవాటికి నవ్వండి. మధ్యలో బాధ పెట్టేది ఏదైనా వస్తే ముఖం మాడ్చుకోకుండా "ఇలాంటివి తరచుగా వస్తాయా? చూసినప్పుడు నీకెలా ఉంటుంది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. జవాబు ఆరోజు రాకపోవచ్చు. రెండు రోజుల తర్వాత వంటింట్లో మీ వెనక నిలబడి చెప్పొచ్చు.

తర్వాత సెట్టింగుల పని. అలాంటి వీడియో వచ్చినప్పుడల్లా "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కడం నేర్పండి. కొన్ని పదాలు ఉన్న పోస్టులు రాకుండా ఆపే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది. ఫీడ్ మరీ పాడైపోతే ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ రెండింట్లోనూ రికమెండేషన్లను చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టే ఆప్షన్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ అకౌంట్లు తెచ్చింది. వాటిలో అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు ఆగుతాయి, 16 ఏళ్లలోపు వాళ్లు ఈ కట్టుబాట్లు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇదంతా పనిచేయాలంటే అకౌంట్‌లో అసలు పుట్టిన తేదీ ఉండాలి. చాలామంది పిల్లలు చేరినప్పుడే వయసు పెంచి రాస్తారు, అది సరిచూడండి. సెట్టింగులను తప్పించుకునే దారులూ పిల్లలకు తెలుసు. ఆత్మహత్య అన్న మాట రాస్తే పోస్టు తీసేస్తారని దానికి బదులు వేరే మాటలు, ఎమోజీలు వాడుతుంటారు. కాబట్టి సెట్టింగులు పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు.

3. ఫోన్ లోపల ఉన్న మనుషుల గురించి అడగండి

ఫీడ్ కంటే వేగంగా ప్రాణం మీదికి తెచ్చేవి మనుషులు చేసే పనులు. ఆన్‌లైన్ వేధింపులకు గురైన పిల్లల్లో తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యకు ప్రయత్నించడం మిగతావాళ్లతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. బడిలో ఏడిపిస్తే ఇంటికొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. క్లాస్ గ్రూప్‌లో ఏడిపిస్తే అది దుప్పటి కిందికి కూడా వస్తుంది.

వేధింపు బయటపడ్డప్పుడు ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, టైమ్, ఐడీ కనపడేలా తీయండి. తర్వాతే రిపోర్ట్, బ్లాక్. చేస్తున్నది తోటి విద్యార్థులైతే ఆ స్క్రీన్‌షాట్లతో స్కూలుకు వెళ్లండి. వెళ్లే ముందు పిల్లలతో "ఇలా చేద్దామనుకుంటున్నా, నీకేమైనా భయం ఉందా?" అని మాట్లాడండి. వాళ్లకు తెలియకుండా చేస్తే ఇంకోసారి మీకు చెప్పరు.

ఇంకొకటి ఉంది, దీని గురించి ప్రతి ఇంట్లోనూ ముందే మాట్లాడి తీరాలి. ఒక కొత్త ఐడీ నుంచి అందమైన అమ్మాయి ఫొటోతో రిక్వెస్ట్ వస్తుంది. ఒకట్రెండు రోజులు తియ్యగా మాటలు. తర్వాత తనవని చెప్పి కొన్ని నగ్న ఫొటోలు పంపి, "నువ్వూ పంపు" అంటుంది. పంపిన మరుక్షణం మాట మారుతుంది: డబ్బు పంపు, లేకపోతే నీ ఫాలోయర్లందరికీ, మీ ఇంట్లోవాళ్లకీ పంపేస్తాం. వెంట కౌంట్‌డౌన్. అవతల ఉన్నది అమ్మాయి కాదు, ఇదే పనిగా పెట్టుకున్న ముఠా. దీన్ని సెక్స్‌టార్షన్ అంటారు. టీనేజ్ అబ్బాయిలే ఎక్కువగా దీనికి బలవుతున్నారని, దీనివల్ల ఆత్మహత్యలు జరిగాయని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పదే పదే హెచ్చరించింది. ఇందులో భయపెట్టే విషయం వేగం. అంతకుముందు ఏ డిప్రెషనూ లేని పిల్లాడు కొన్ని గంటల్లోనే ప్రాణం తీసుకోవాలనుకునే స్థితికి వచ్చేస్తాడు.

అందుకే ఏమీ జరగకముందే ఈ మాట చెప్పి ఉంచండి: "ఎవరైనా నీ ఫొటో పెట్టుకుని బెదిరిస్తే, అది ఎలాంటి ఫొటో అయినా సరే, నువ్వే పంపినా సరే, ముందు నా దగ్గరికి రా. అర్ధరాత్రయినా లేపు. నేను తిట్టను. ఇద్దరం కలిసి చూసుకుందాం." ఒక్కసారి కాదు, అప్పుడప్పుడూ చెబుతూ ఉండండి. నిజంగా వచ్చినరోజు ఆ మాట నిలబెట్టుకోండి. డబ్బు పంపొద్దు, పంపితే ఇంకా అడుగుతారు. చాట్ డిలీట్ చేయొద్దు, అది సాక్ష్యం. జవాబివ్వడం ఆపి, ఐడీని రిపోర్ట్ చేసి, పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు చేయండి. 18 ఏళ్లు నిండకముందు తీసిన అలాంటి ఫొటోలు బయట తిరగకుండా ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. అసలు ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు. దాని డిజిటల్ గుర్తును మాత్రమే తీసుకుని, ఈ సేవతో ఒప్పందం ఉన్న యాప్‌లలో ఆ ఫొటోను పట్టుకుంటారు. ఆ రాత్రి పిల్లాణ్ని ఒంటరిగా పడుకోనివ్వకండి.

4. నిద్రను కాపాడండి

ఒక్క రూలే పెట్టగలిగితే ఇది పెట్టండి: రాత్రి ఫోన్లు పడకగదిలో ఉండవు. అమ్మవీ, నాన్నవీ కూడా. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైన పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని చాలా పరిశోధనల్లో కనపడింది. పైగా ఆవేశాన్ని ఆపుకునే మెదడు భాగం 20ల మధ్య వయసు వరకూ ఎదుగుతూనే ఉంటుంది. నిద్ర లేని రాత్రి, ఒంటరితనం, చేతిలో ఫోన్, ఈ మూడూ కలవకుండా చూడటం పెద్దల చేతిలో ఉన్న పని. అలారం కోసం ఫోన్ కావాలంటే ఒక గడియారం కొనివ్వండి.

5. ప్రమాద సంకేతాలు గుర్తుపట్టండి

టీనేజ్‌లో చిరాకు, తలుపేసుకోవడం, మాటకు మాట అనడం మామూలే. వాటన్నిటినీ చూసి హడలిపోవద్దు. గమనించాల్సింది మార్పును. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోవడం, తిండీ నిద్రా తలకిందులు కావడం, స్నేహితులను తప్పించుకోవడం, స్నానం లాంటి రోజువారీ పనులు కూడా వదిలేయడం కనపడితే మాట్లాడే సమయం వచ్చినట్టే.

ఇంతకంటే తీవ్రమైనవి ఉన్నాయి. "నేను లేకపోతే మీకందరికీ హాయి", "ఇంక ఎక్కువ రోజులు భరించక్కర్లేదులే" లాంటి మాటలు. ఇష్టంగా దాచుకున్న వస్తువులు ఎవరికో ఇచ్చేయడం. చేతులపై గాయాలు, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాలు. చనిపోయే విధానాల గురించి నెట్‌లో వెతకడం. పాత పోస్టులన్నీ తీసేయడం, ప్రొఫైల్ ఫొటో నల్లగా మార్చడం, అందరికీ థాంక్స్ చెబుతూ, క్షమించమంటూ స్టోరీ పెట్టడం. వారాల తరబడి కుంగిపోయిన పిల్ల ఉన్నట్టుండి ప్రశాంతంగా కనపడటం కూడా ఒక్కోసారి ప్రమాదమే, ఒక నిర్ణయానికి వచ్చేయడం వల్ల వచ్చిన ప్రశాంతత అయ్యుండొచ్చు. "అటెన్షన్ కోసం చేస్తోంది" అనుకోవద్దు. నిజంగా అటెన్షన్ కోసమే అయినా, అంత దూరం వెళ్లి అడుగుతోందంటే ఆ అటెన్షన్ ఇచ్చి తీరాలి.

6. సూటిగా అడగండి

ఇక్కడే చాలామంది వెనకాడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. ఈ భయానికి ఆధారం లేదు. 2005లో అమెరికాలో 2,000 మందికి పైగా హైస్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఆత్మహత్య గురించి అడగడం వల్ల వాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కొంత ఊరటే కలిగింది. తర్వాత వచ్చిన సమీక్షలూ అదే మాట చెప్పాయి.

ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారణలా అడగొద్దు. పక్కపక్కన ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు, బండిలో వెళ్తున్నప్పుడు తేలిక. తమ్ముడూ చెల్లెలూ వినేచోట వద్దు. ముందు మీరు చూసింది చెప్పండి, తర్వాత అడగండి.

"కన్నా, నెల రోజుల నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదు. ఫ్రెండ్స్‌తో కూడా మాట్లాడట్లేదు. మొన్న నువ్వు పెట్టిన స్టోరీ చూశాను. నాకు బెంగగా ఉంది. ఇంత బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చనిపోవాలనిపిస్తుంది. నీకెప్పుడైనా అలా అనిపించిందా?"

తర్వాత నోరు మూసుకుని ఉండటం చాలా కష్టం. ఉండండి. అర నిమిషం మౌనం కూడా యుగంలా అనిపిస్తుంది, దాన్ని మాటలతో నింపొద్దు. "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నలోనే "లేవు" అనే జవాబు ఉంది.

"అవును" అంటే? మీ గుండె జారిపోతుంది. అయినా మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు నాన్నా, ఇంక నువ్వు ఒక్కడివే మోయక్కర్లేదు" అన్నట్టుగా ఉండాలి. "మేం నీకేం తక్కువ చేశాం?", "మా పరువేం కావాలి?", "నీ వయసులో మేం పడిన కష్టాలు తెలుసా?" లాంటివి నోటి దాకా వస్తాయి, మింగేయండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే ఒట్టు వేయొద్దు. "నీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాను, ఎవరికి చెబుతానో ముందు నీకు చెప్పే చెబుతాను" అనండి.

ఇంకో మూడు విషయాలు అడగాలి. ఎలా చేసుకోవాలని అనుకున్నావు? ఎప్పుడని అనుకున్నావా? ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా? పద్ధతీ, సమయమూ అనుకుని ఉన్నా, అందుకు కావలసింది చేతికి అందేలా ఉన్నా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంత లేకపోయినా నాలుగైదు రోజుల్లో సైకియాట్రిస్ట్‌కో, క్లినికల్ సైకాలజిస్ట్‌కో చూపించండి.

"లేదు" అంటే నమ్మినట్టే మాట్లాడండి, కానీ దారి తెరిచి ఉంచండి. "సరే. ఎప్పుడైనా అనిపిస్తే నాతో చెప్పొచ్చు. నాతో చెప్పలేకపోతే పిన్నితోనో, మాస్టారితోనో అయినా చెప్పు." వారం తర్వాత మళ్లీ ఒకసారి అడగండి.

7. ప్రమాదకరమైనవాటిని దూరం చేయండి

చావాలన్న తీవ్రమైన తపన చాలాసార్లు కొద్ది సమయంలోనే తగ్గుముఖం పడుతుంది. ఆ సమయంలో చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. "ఇది దొరకకపోతే ఇంకోటి చూసుకుంటారు కదా" అనే మాట చాలావరకు తప్పని శ్రీలంక రుజువు చేసింది. అక్కడ అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించాక ఆత్మహత్యలు దాదాపు 70 శాతం తగ్గాయి. 1995 నుంచి 2015 వరకు సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని అంచనా.

ఇంట్లో కూడా సూత్రం అదే. మందులన్నీ, పెద్దవాళ్లు రోజూ వేసుకునేవి సహా, తాళం వేసిన చోట పెట్టండి. పురుగుమందులు, యాసిడ్లు, ఆయుధాలు ఉంటే అసలు ఇంట్లోనే ఉంచకండి. ఈ పని పిల్లలు అవునన్నరోజే చేయాలి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఆ తర్వాత పిల్లలతో కలిసి ఒక కాగితం రాయండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు రూపొందించిన సేఫ్టీ ప్లాన్ ఇది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. మనసులో తుఫాను వస్తోందని నాకెలా తెలుస్తుంది? అప్పుడు నా అంతట నేను ఏం చేసి మనసు మళ్లించుకోగలను? ఎవరి దగ్గరికి వెళ్తే, ఎక్కడికి వెళ్తే కాస్త తేలికపడతాను? సాయం అడగగలిగే ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఎవరు? డాక్టర్ నంబరు, హెల్ప్‌లైన్ నంబరు ఏవి? నా చుట్టూ ప్రమాదకరమైనవి లేకుండా ఎలా చూసుకోవాలి? జవాబులు పిల్లల మాటల్లోనే ఉండాలి. "మనసు మళ్లించుకోవడానికి" దగ్గర "రీల్స్ చూస్తా" అని రాస్తే, పైన చెప్పిన ఫీడ్ సంగతి గుర్తుచేసి, దాని బదులు ఇంకేదైనా ఆలోచించమనండి. రాసిన కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో ముందు కనపడేలా పెట్టించండి. అర్ధరాత్రి చేతిలో ఉండేది ఫోనే కాబట్టి.

8. ఫోన్ లాక్కోవాలా?

భయం వేయగానే పెద్దలు చేసే మొదటి పని ఇదే. నా అభిప్రాయంలో చాలాసార్లు ఇది తప్పు. బాధ చెప్పుకున్నందుకు శిక్ష పడిందని పిల్లలకు అర్థమవుతుంది, రెండోసారి చెప్పరు. పైగా కొంతమందికి తమను అర్థం చేసుకునేవాళ్లు ఆన్‌లైన్‌లోనే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పుకోలేని గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లల్లో, అరుదైన జబ్బు ఉన్న పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఉన్న ఒక్క తీగనూ తెంపేయొద్దు.

అలాగని ఊరుకోమని కాదు. వేధిస్తున్న గ్రూప్ నుంచి బయటకు రప్పించండి. ప్రాణం తీసుకోమని ప్రోత్సహించే అకౌంట్లను, చాట్‌లను కలిసి కూర్చుని బ్లాక్ చేయండి. ఎక్కువ హాని చేస్తున్న ఒక్క యాప్‌ను కొన్ని వారాలు తీసేద్దామని, మిగతావి ఉంచుకోమని బేరమాడండి. తగ్గించిన సమయంలో ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టండి, ఖాళీగా వదిలేస్తే మళ్లీ అక్కడికే వెళ్తారు. కొత్తగా ఫోన్ ఇవ్వబోతున్నవాళ్లు వీలైనంత ఆలస్యం చేయడం మంచిది. ఓర్బెన్ బృందం 2022లో బ్రిటన్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో అమ్మాయిలకు 11-13 ఏళ్ల మధ్య, అబ్బాయిలకు 14-15 ఏళ్ల మధ్య సోషల్ మీడియా ప్రభావం ఎక్కువగా కనపడింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రధాన సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చట్టం అమల్లోకి తెచ్చింది. చట్టం ఉన్నా లేకున్నా, అప్పటికే బాధలో ఉన్న పిల్లాడి పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

9. స్నేహితుడి పోస్ట్ చూసిన పిల్లలకు

ఈ ఒక్క భాగం మీ ఇంట్లో టీనేజర్‌కు చూపించండి. ఎందుకంటే చాలాసార్లు మొదట తెలిసేది వాళ్లకే.

నీ ఫ్రెండ్ చనిపోతానని స్టోరీ పెట్టినా, చాట్‌లో చెప్పినా లైక్, ఎమోజీ దగ్గర ఆగొద్దు. వెంటనే ఫోన్ చెయ్యి. "నీకు నిజంగా చనిపోవాలనిపిస్తోందా? ఇప్పుడు ఎక్కడున్నావు?" అని అడుగు. మాట్లాడుతూనే, దగ్గర్లో ఉన్న పెద్దవాళ్లకు ఎవరికైనా చెప్పు, వాళ్ల ఇంటికి ఫోన్ చేయించు. ఆ పోస్టును యాప్‌లో రిపోర్ట్ చెయ్యి. ఆత్మహత్య, స్వీయ గాయాలు అనే ఆప్షన్ ఉంటుంది, ఎవరు రిపోర్ట్ చేశారో అవతలివాళ్లకు తెలియదు. "ఎవరికీ చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకున్నా సరే, చెప్పు. ఫ్రెండ్‌కు కోపం వస్తుంది. ప్రాణాలతో ఉంటే కోపం తగ్గుతుంది. రాత్రంతా ఫోన్‌లో నువ్వొక్కడివే కూర్చుని కాపాడాల్సిన బాధ్యత నీది కాదు, అది పెద్దవాళ్లు పంచుకోవాల్సింది.

ఎవరైనా చనిపోయాక ఆ వీడియోలు, చివరి మెసేజ్ స్క్రీన్‌షాట్లు, ఎలా జరిగిందన్న వివరాలు షేర్ చేయొద్దు. అవి చూసి అప్పటికే బాధలో ఉన్న ఇంకొకరు అదే దారి పట్టే ప్రమాదం ఉందని ఎన్నో ఏళ్ల పరిశోధన చెబుతోంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. చావాలనుకున్న స్థితి నుంచి ఎలా బయటపడ్డారో చెప్పిన కథలు వచ్చినప్పుడు ఆత్మహత్యలు తగ్గడం ఆస్ట్రియాలో 2010లో వచ్చిన అధ్యయనంలో కనపడింది. షేర్ చేయాలనిపిస్తే అలాంటివి షేర్ చెయ్యి, కింద హెల్ప్‌లైన్ నంబరు పెట్టు.

10. ఆస్పత్రి నుంచి వచ్చాక

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలు, నెలలు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. అప్పటికి చుట్టాలు వెళ్లిపోతారు, పెద్దలు ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లలు మళ్లీ స్కూల్ గ్రూప్ తెరుస్తారు. అక్కడ తమ గురించి ఏం మాట్లాడుకున్నారో చూస్తారు. ఆ గ్రూప్ మొదటిసారి తెరిచేటప్పుడు పక్కన ఉండండి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ముందే కలిసి అనుకోండి. "ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు తగ్గుతోంది" అన్నా చాలు, అంతకంటే ఎవరికీ వివరం ఇవ్వక్కర్లేదు.

డాక్టర్ మందులు రాస్తే వాటిని మీ దగ్గరే ఉంచుకుని ఏరోజువి ఆరోజు ఇవ్వండి. కాస్త బాగున్నట్టు కనపడగానే మీ అంతట మీరు ఆపేయొద్దు. మందు మొదలుపెట్టిన కొత్తలో గానీ, మోతాదు మార్చినప్పుడు గానీ ఆందోళన పెరిగినా, ఆత్మహత్య ఆలోచనలు మళ్లీ వచ్చినా ఆరోజే డాక్టర్‌కు చెప్పండి. అపాయింట్‌మెంట్ తేదీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తాళం వేసిన మందుల అలమర ఇంకా కొన్ని నెలలు తాళంలోనే ఉండాలి. సేఫ్టీ ప్లాన్ కాగితాన్ని వారానికోసారి బయటకు తీసి, పనికొచ్చింది ఉంచి పనికిరానిది కొట్టేయండి. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడే "ఈ వారం ఆ ఆలోచన వచ్చిందా?" అని మళ్లీ అడగండి.